పాలబాడీకి పనికొచ్చే బట్ట

ఉదయం ఆరున్నరకి నేతపెట్టె పదిహేడో పాలబాడీని బయటకి తోసింది.

తాయారు దాన్ని తీసి కిటికీ వెలుతురుకి పట్టి చూసింది. నిన్నటిది వెదురు నూలు. మొన్నటిది పత్తి. అటు మొన్నటిది ఏదో చెట్టు గుజ్జులోంచి లాగిన జారుడు నూలు. ఇవాళ్టిది మూడూ కలిపి నేసినట్టుంది. ఒంటికి ఆనే పొర తడిని లాగుతుంది, మధ్య పొర ఆ తడిని తాగుతుంది, పై పొర దాన్ని బయటకి కనపడనివ్వదు. ఎక్కడా కుట్టు లేదు. భుజం దగ్గర చిన్న మీట నొక్కితే ముందు భాగం విచ్చుకుంటుంది.

“శుభోదయం. నిన్నటి వస్త్రంలో మీ చర్మపు వేడి అర డిగ్రీ పెరిగింది. అందువల్ల ఈ రోజు వెదురు నూలు తగ్గించి పత్తి, జారుడు నూలు కలిపాను. ఇది మీకు నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు తగిన వస్త్రం,” అంది పెట్టె.

“నిన్న కూడా ఇదే చెప్పావు.”

“నిన్న తొంభై ఎనిమిది అని చెప్పాను.”

పెట్టెతో వాదించి గెలిచినవాళ్ళు మంగళగిరిలో ఇంతవరకు లేరు. తాయారు కొత్త పాలబాడీ తొడుక్కుని, విప్పినదాన్ని కరుగుతొట్టిలో పడేసి ఉయ్యాల దగ్గరకి వెళ్ళింది. పదిహేడు రోజుల ఆడపిల్ల కళ్ళు తెరిచి నోరు చప్పరిస్తూ ఉంది. ఎత్తుకుని, మీట నొక్కి, రొమ్ముకి ఆనించుకుంది.

బిడ్డ తల అటు తిప్పింది, ఇటు తిప్పింది. చిరునామా కాగితం పోగొట్టుకుని వీధిలో నిలబడ్డ మనిషిలా కాసేపు వెతికింది. పెదవికి చనుమొన తగిలినా అది తన కోసమేనని తెలియనట్టు మొహం పక్కకి తీసుకుని ఏడుపు లంకించుకుంది. పుట్టిన రోజు నుంచీ ఇదే తంతు.

నేతపెట్టె లేని ఇల్లు ఇప్పుడు లేదు. వంటగదిలో నీళ్ళ గొట్టం పక్కనే నూలుద్రవం గొట్టం ఉంటుంది. ఆ ద్రవాన్ని పెట్టె పోగులుగా తీసి, ఎవరి ఒంటి కొలతకి వాళ్ళకి, ఆ రోజు ఎండకీ చలికీ సరిపడా బట్ట నేసి ఇస్తుంది. వాడేశాక కరుగుతొట్టిలో వేస్తే మళ్ళీ ద్రవమైపోతుంది. ఏ రోజుది ఆ రోజే కాబట్టి దినవస్త్రం అన్నారు. అది వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఉతుకులూ ఆరవేతలూ ఇస్త్రీలూ బీరువాలూ పోయాయి, వాటితోపాటు పాతబట్ట అనేదే లేకుండా పోయింది. దినవస్త్రానికి ఇంకో గొప్ప గుణం ఉంది. ఒంటిమీది చెమటనీ జిడ్డునీ వాసననీ పుట్టినది పుట్టినట్టే తాగేస్తుంది. విప్పేసిన తరవాత కూడా మూడు నాలుగు రోజుల దాకా ఒంటికి ఏ వాసనా ఉండదు. ఇది మంచిది కాదని ఎవరూ అనలేరు. ఒకప్పుడు ఎండాకాలం మధ్యాహ్నం నిండు బస్సులో నిలబడి విజయవాడ వెళ్ళొచ్చిన పెద్దవాళ్ళు ఇప్పటికీ ఆ పెట్టెకి దణ్ణం పెడతారు.

ఇన్నేళ్ళలో మనుషులకి ఒక అలవాటు పడిపోయింది. ఏ కష్టం వచ్చినా బట్ట వంకే చూస్తారు. జలుబు చేస్తే నేత బిగించమంటారు, నిద్రపట్టకపోతే పోగు పలచన చెయ్యమంటారు. కాబట్టి బిడ్డ రొమ్ము పట్టకపోవడానికి పాలబాడీ బట్టే కారణమని ఇంటిల్లిపాదీ నమ్మడంలో వింతేమీ లేదు. రోజుకో బట్ట మార్చారు.

పది గంటలకి పేరమ్మ వచ్చింది. ఆమె ఆరోగ్యకేంద్రం పంపిన పాలసలహాదారు. ముప్ఫై ఏళ్ళు కూడా నిండలేదు. ఈ కాలపు పిల్లలకి పాత పేర్లు పెట్టడం మోజు. పేరమ్మ, తాయారు, తాయారు భర్త భద్రం అందరూ ఆ బాపతే. జోషిత, హన్విక లాంటివి ముసలమ్మల పేర్లు.

పేరమ్మ పాలబాడీ అంచుని రెండు వేళ్ళతో సాగదీసి వదిలింది. లోపలి పొరని అరచేత్తో రాసి చూసింది.

“లేసు లేదు, గరుకు లేదు. కింద తీగ లేదు, తీగ ఉంటే నొక్కుకుపోయి పాలు గడ్డకడతాయి. ఉత్త పత్తి అయితే తడిని పట్టుకుని వదలదు, మొన ఒరుసుకుపోతుంది. ఉత్త సాగుడు నూలు అయితే ఉడుకెత్తుతుంది. ఈ కలపడం చక్కగా కుదిరిందండీ. బట్టలో తప్పేం లేదు.”

“మరి తప్పెక్కడుందండీ?” అంది తాయారు.

పేరమ్మ చేతిలోని పలకలో వెతుక్కుంది. “ఇంకో నాలుగు నేతసూత్రాలున్నాయి. అవి కూడా చూద్దాం.”

“బట్టే లేకుండా కూడా చూశాను. మొన్న రెండు గంటలు ఉత్త ఒంటికి ఆనించుకుని కూర్చున్నా. అప్పుడూ ఇంతే.”

“మీరింత పట్టుబడుతున్నారు గానీ, మా కేంద్రంలో పదిమంది తల్లుల్లో తొమ్మిదిమంది మొదటి వారంలోనే కేంద్రం పాలకి వెళ్ళిపోతారండీ. ఈ రోజుల్లో పిల్లలు పట్టడం లేదు. ఎందుకో తెలీదు. ఓపిక లేక అంటారు మా పెద్దలు.” పేరమ్మ గొంతు తగ్గించింది. “ఇరవై ఒకటో రోజుకి పాప పుట్టినప్పటి బరువుకి రావాలి. రాకపోతే నేను సంతకం పెట్టి కేంద్రం పాలు మొదలుపెట్టించాలి. అప్పటికి మీ పాలు కూడా...” అని ఆగిపోయింది.

ఆగిన మాట తాయారుకి తెలుసు. యంత్రంతో పిండితే మొదటి వారం గిన్నె నిండేది. ఇప్పుడు సగానికి వస్తోంది. ఆ పాలని ఉగ్గుగిన్నెతో పోస్తే బిడ్డ కొంత మింగి కొంత కక్కుతోంది. నోరు తగలని రొమ్ము ఎన్నాళ్ళని చేపుతుంది? ఇంకో వారంలో ఎండిపోతుంది.

తాయారు తల్లి, తాయారుకి రెండేళ్ళప్పుడు పోయింది. ముఖం కూడా గుర్తులేదు. “నీ చేత అమ్మ పాలు మానిపించడం మా తరం కాలేదు” అని తండ్రి చెప్పిన ఒక్క మాటే తల్లి గురించి ఆమెకి తెలిసినది. ఇప్పుడు పుట్టింట్లో ఎవరూ లేక పురుడు కూడా ఇక్కడే జరిగింది. తన బిడ్డకి తన పాలు పట్టాలన్నది ఒక్కటే ఆమె కోరిక. ఆ కోరికేమీ పెద్దది కాదు. అదే ఎందుకు తీరడం లేదో చెప్పేవాళ్ళు లేక ఆమెకి ఏడుపు వచ్చింది. పేరమ్మ ముందు ఏడవడం ఇష్టంలేక కిటికీ వైపు తిరిగింది.

తాయారు యంత్రం పెట్టుకోవాల్సిన వేళ అయింది. అలవాటు ప్రకారం బిడ్డని తీసుకెళ్ళి పక్కగదిలో ఉన్న మామ్మ ఒళ్ళో పెట్టింది. భద్రం నానమ్మ, జోషిత మామ్మ. డెబ్భై ఎనిమిదేళ్ళు. భద్రం తల్లిదండ్రులు విశాఖలో ఉద్యోగాలు చేసుకుంటుంటే ఈవిడ మనవడి దగ్గర ఉంటోంది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు మామ్మ దినవస్త్రం ముట్టుకోదు. నైటీ తొడుక్కుంటుంది.

నైటీ అంటే ఏమిటో ఇప్పటివాళ్ళకి చెప్పాలి. మెడ నుంచి మడమల దాకా సంచిలా వేలాడే నూలు అంగీ. ఒకప్పుడు ఆంధ్రదేశంలో సగం మంది ఆడవాళ్ళు అందులోనే సంసారాలు ఈదారంటే పిల్లలు నవ్వుతారు. మామ్మ దగ్గర అవి రెండున్నాయి. ఒకటి తొడుక్కుని ఒకటి నీళ్ళలో జాడించి ఆరేస్తుంది. పన్నెండంతస్తుల ఆ భవనం మొత్తంలో తీగమీద ఆరే బట్ట అదొక్కటే. ఎందుకు మామ్మా అంటే, “గోక్కుంటే గోక్కున్నట్టుండాల. మీ బట్టల్లో అదేం లేదు” అంటుంది.

వెనకే వచ్చిన పేరమ్మ గుమ్మంలోనే ఆగి ముక్కుమీద వేలు వేసుకుంది. ఆ గదిలో కొబ్బరినూనె, వాము, పాత చెమట కలిసిన వాసన ఉంది. ఇంట్లోవాళ్ళకి అలవాటైపోయింది గానీ, పేరమ్మ లాంటి పిల్లకి అది కొత్త.

“మామ్మగారూ, ఉతుకుడు బట్టలో సూక్ష్మజీవులుంటాయి. పసిబిడ్డని దానికి ఆనించకూడదు. దినవస్త్రం కట్టుకునేదాకా పాపని ఎత్తుకోకండి.”

“ఇదే గుడ్డలో నేను బతికే ఉన్నా గదమ్మా,” అంది మామ్మ. కానీ చదువుకున్న పిల్ల చెబితే ఎదురు చెప్పే మనిషి కాదు. ఒళ్ళోకి రాగానే తన కూనిరాగం వింటూ మత్తుగా కళ్ళు మూసిన బిడ్డని తాయారు చేతికి ఇచ్చేసింది.

ఆ తరవాత రెండు రోజులు ఇంట్లో ఏడుపు తప్ప ఇంకో శబ్దం లేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్ననాలుక ఊడినట్టు, ఉగ్గుగిన్నెతో కాసిని తాగే పిల్ల అవి కూడా మానేసింది. పద్దెనిమిదో పాలబాడీ వచ్చింది, పంతొమ్మిదోది వచ్చింది. మామ్మ తన గది గుమ్మంలో కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటూ ఉండేది.

పంతొమ్మిదో రోజు మధ్యాహ్నం భద్రం పనిలోంచి వచ్చేసరికి బిడ్డ గొంతు బొంగురుపోయింది. అతను ఇళ్ళల్లో కరుగుతొట్లు బాగుచేసే పనివాడు. ఏది చెడినా మూత విప్పి లోపల చూడటం తెలిసినవాడు, ఇక్కడ ఏ మూత విప్పాలో తెలియక గదిలో అటూ ఇటూ తిరిగాడు. చివరికి బిడ్డని తాయారు చేతుల్లోంచి తీసుకెళ్ళి మామ్మ ఒళ్ళో పెట్టాడు.

“పేరమ్మగారు వొద్దన్నారు గందరా,” అంది మామ్మ.

“ఏమన్నా అననీ మామ్మా. నాకింక వినే ఓపిక లేదు.”

బిడ్డ ఏడుపు ఆగింది. మొహం నైటీలో రాసుకుంది. రెండు రోజులుగా మూసుకుపోయిన పిడికిళ్ళు విప్పి బట్టని పట్టుకుంది. అటూ ఇటూ వెతకలేదు. తిన్నగా వెళ్ళి, మామ్మ ఎండిపోయిన రొమ్ముని నైటీ మీద నుంచే నోటితో అందుకుని చీకడం మొదలుపెట్టింది. బట్ట తడిసింది. గుటక వెయ్యడానికి ఏమీ రాకపోయినా వదల్లేదు.

గుమ్మంలో నిలబడి చూస్తున్న తాయారుకి పాలు చేపుకొచ్చాయి. మూడు రోజులుగా యంత్రానికి రానన్ని వచ్చాయి. ఒక్క చుక్క కూడా బయటకి కనపడకుండా పంతొమ్మిదో పాలబాడీ మొత్తం తాగేసింది.

“పట్టడం రాక కాదే అమ్మాయ్,” అంది మామ్మ. ఆవిడ మొహంలో సంతోషం లేదు, తప్పు చేసి దొరికిపోయినట్టుంది. “దానికి వాసన కావాల. పుట్టిన కాడ్నించి నువ్వు యంత్రం పెట్టుకున్నప్పుడల్లా నా ఒళ్ళోనే గదా ఉంది. నా వాసనే పట్టుకుంది. నీకు వాసనే లేదు గదే.”

తాయారు తన మోచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంది. గాజుగ్లాసుని వాసన చూసినట్టుంది. ఆ లెక్కన కేంద్రంలో ఆ తొమ్మిదిమంది తల్లులకీ ఓపిక లేకపోవడం కాదు. వాళ్ళ పిల్లలకి వాళ్ళు ఎవరో తెలియలేదు.

భద్రం నైటీ అంచు నుంచి చిన్న ముక్క కత్తిరించి నేతపెట్టెలో పెట్టాడు. “ఇట్టాంటిదే పాలబాడీ నెయ్యి.”

“సూత్రం దొరికింది,” అంది పెట్టె. “సాదా నేత, ముతక పత్తి, ఎక్కువ ఉతుకుల వల్ల అరిగిన పోగు. ఇందులో కల్మషం ఉంది. దాన్ని తొలగించి నేస్తాను.”

“తొలగించొద్దు. దాంతోసహా నెయ్యి.”

“కల్మషానికి సూత్రం లేదు.”

నేసి ఇచ్చినది చూపుకి అచ్చం నైటీ గుడ్డే. బిడ్డ దాన్ని తాకి మొహం తిప్పేసింది. భద్రం పెట్టె వెనకపలక విప్పి ఒక గంట సేపు తిప్పలు పడ్డాడు. తరవాత చేతులు తుడుచుకుంటూ లేచాడు. “పెట్టెలో కాదు మామ్మా, ద్రవంలోనే ఉంది ఆ గుణం. నేనేం చెయ్యలేను.” వాసన తిరిగి రావాలంటే తాయారు నాలుగు రోజులు ఏ దినవస్త్రం తాకకుండా ఉండాలి. కట్టుకునే చీర నుంచి పడుకునే దుప్పటి దాకా ఇంట్లో అన్నీ అవే. బిడ్డకి నాలుగు రోజులు లేవు. ఊళ్ళో ఎవరి దగ్గరన్నా పాతబట్ట దొరుకుతుందేమోనని సాయంత్రం దాకా తిరిగాడు. ప్రదర్శనశాలలో అద్దం వెనక ఒక నూలు చీర ఉంది. దానికీ వాసన లేదు, వాళ్ళు ఇవ్వరు కూడా.

అతను వచ్చేసరికి మామ్మ తీగమీది నైటీ తొడుక్కుని, ఒంటిమీది నైటీని నేలమీద పరిచి కత్తెర పట్టుకుని ఉంది.

“నూలుకి సాగుడు లేదు. నిలువుగా కోస్తే బిగుసుకుపోద్ది. ఏటవాలుగా కొయ్యాల, జాకెట్టుకి క్రాసు కోసినట్టు. అప్పుడు తనంతట తనే కాస్త సాగుద్ది,” అంది తాయారుతో. గుండెల దగ్గరి భాగం ఎక్కువ అరిగి మెత్తబడింది, దాన్ని లోపలి పొరకి తీసింది. ఒడి దగ్గరి గుడ్డ మడతలు పెట్టి తడి తాగడానికి మధ్యలో వేసింది. మీటల్లేవు, ముందు ముడి. దారం లేకపోతే అంచులోంచి పోగులు లాగి సూదికి ఎక్కించుకుంది. కుట్లు లోపలికి రాకుండా బయటకి తిప్పింది, మొనకి గీరుకుంటాయని.

తాయారు అది తొడుక్కుంది. మామ్మ వాసన ఆమెని నిలువునా చుట్టుకుంది. ఇరవై ఏళ్ళుగా మనిషి వాసన లేని బట్టల్లో పెరిగిన పిల్ల, గదిలో అలవాటైన ఆ వాసనే తన ఒంటిమీదకి వచ్చేసరికి మొహం పక్కకి తిప్పుకుంది. ఓర్చుకుని బిడ్డని ఒళ్ళోకి తీసుకుని ముడి విప్పింది.

బిడ్డ బట్టలో మొహం రాసుకుంది. వెతుక్కుంది. ఈసారి చిరునామా దొరికింది. చనుమొనని గట్టిగా అందుకుంది, గుటక వేసింది, ఇంకో గుటక వేసింది. తాయారు నొప్పికి పళ్ళు బిగించి, అలాగే ఏడ్చింది. భద్రం గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయాడు.

“నా తల్లే,” అంది తాయారు.

ఆ గొంతు వినగానే బిడ్డ ఉలిక్కిపడి తాగడం ఆపింది. మూల నుంచి మామ్మ మెల్లగా కూనిరాగం తీసింది. బిడ్డ మళ్ళీ తాగడం మొదలుపెట్టింది. తాయారుకి అర్థమైంది. పాలు తనవే. బిడ్డ వచ్చింది మాత్రం మామ్మ దగ్గరికి. దానికి బాధపడాలో, తాగుతున్నందుకు మొక్కుకోవాలో ఆమెకి తెలియలేదు.

ఇరవై ఒకటో రోజు పేరమ్మ వచ్చి బిడ్డని తూచింది. ముల్లు కొద్దిగా పైకే కదిలింది. పలకలో ఇంకో వారం గడువు రాసి, తాయారు ఒంటిమీది ఆ కుట్ల బాడీని చాలాసేపు చూసింది. “దీన్ని ఏ వస్త్రం అని రాయమంటారండీ?” అని అడిగింది. చివరికి పలకలో ఆ గడి ఖాళీగా వదిలేసింది.

ఆ తరవాత బిడ్డ బరువు పెరిగింది. అరిగిన నూలుకి పాల తడి తోడైతే ఎన్నాళ్ళు ఆగుతుంది? పది రోజుల్లో మొదటి నైటీ పీలికలైంది. మామ్మ రెండోది కూడా విప్పింది. తాయారు వద్దని బతిమాలింది. “పిల్ల తాగాలా వొద్దా?” అని మామ్మ ఒకే మాట అడిగేసరికి కత్తెర తెచ్చి ఇచ్చింది. ఆ రోజు మామ్మ జీవితంలో మొదటిసారి నేతపెట్టె ముందు నిలబడింది. పెట్టె ఆవిడ కొలతలు తీసుకుని లేత నీలంరంగు దినవస్త్రం నేసి ఇచ్చింది. “దీనికి బరువే లేదేందిరా,” అంది మామ్మ భద్రంతో, రెండు చేతులూ చాపి చూసుకుంటూ.

నలభయ్యో రోజుకి, లోపల ఒంటికి దినవస్త్రం తగలనివ్వని ఆ పాలబాడీలో వేరే వాసన పుట్టింది. పులిసిన పాలు, తాయారు చెమట. నూనె, వాము జాడ లేకుండా పోయాయి. తాయారు గదిలోకి అడుగుపెడితే చాలు, ఉయ్యాలలో బిడ్డ తల ఇటు తిప్పుతోంది. మాట్లాడితే ఉలిక్కిపడటం లేదు. తనకి ఒక వాసన ఉందని, దాన్ని ఒక మనిషి పోల్చుకుంటోందని తాయారు పగలల్లా తలుచుకుని మురిసిపోయేది.

ఆ వారంలోనే ఒక ఉదయం ఆమె స్నానానికి వెళ్తూ బిడ్డని మామ్మ ఒళ్ళో పెట్టింది. పాలబాడీకి కుట్లు వేస్తూ, తాయారుకి పథ్యం వండుతూ మామ్మ ఎత్తుకుని పది రోజులు పైనే అయింది.

బిడ్డ నీలం బట్టలో మొహం పెట్టి వెతికింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఏడుపు మొదలైంది. మామ్మ కూనిరాగం తీసింది. ఒక్క క్షణం ఏడుపు ఆగింది. బిడ్డ ఆ రాగం వచ్చేవైపు తిరిగి మళ్ళీ ఆ ఛాతీలోనే వెతికి, ఏమీ దొరక్క, ఈసారి భయపడిన పిల్లలా కెవ్వుమంది. ఎత్తుకున్నది ఎవరో కొత్తమనిషి అయినట్టు ఒళ్ళు విల్లులా వెనక్కి వంచేసింది.

తాయారు తడి జుట్టుతోనే పరుగెత్తుకొచ్చింది. మామ్మ బిడ్డని అందించింది. అందుకోగానే ఏడుపు ఆగింది.

“మామ్మా, ఇది మీరు తొడుక్కోండి,” అంటూ తాయారు ముడి మీద చెయ్యి వేసింది. “ఒక్క పూట తొడుక్కోండి. లేకపోతే నాలుగు రోజులు ఆ బట్ట మానేయండి. మీ వాసన మీకొస్తుంది.”

“మానేసి ఏం కట్టుకోనే?”

దినవస్త్రం కాని ఇంకో బట్ట ఇంట్లోనే కాదు, ఊళ్ళో కూడా లేదు. మామ్మ ముందుకి వంగి, తాయారు గుండెల మీది తన పాత నైటీ గుడ్డని పట్టుకుని ముక్కుకి ఆనించుకుంది. గట్టిగా పీల్చి వదిలేసింది.

“ఇందులో నేను లేను అమ్మాయ్. అంతా నువ్వే.” అలవాటుగా నైటీ కొసతో కళ్ళు తుడుచుకోబోతే ఒంటిమీద ఉన్నది నైటీ కాదు. అరచేత్తో తుడుచుకుంది. “తాగనీ. ఆపమాకు. నేను అవతల కూర్చుంటా, నా మొహం చూసి మళ్ళీ దడుచుకుంటదేమో.”